పనిలో చేరినవారితో పాటు నిలిచినవారినీ లెక్కపెట్టండి

సంపాదకుడు గారికి,

ఉద్యోగాలు చేసే మహిళల సంఖ్య పెరిగిందన్న వార్త వచ్చినప్పుడల్లా, ఆడవాళ్లలో చైతన్యం వచ్చింది, గడప దాటి బయటికొస్తున్నారు అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. ఆ మాటతో నాకు పేచీ ఉంది. సొంత సంపాదన ఉండాలన్న కోరిక ఆడవాళ్లకు నిన్న మొన్న పుట్టింది కాదు. అడ్డంగా నిలిచిన చట్టాలు ఒక్కొక్కటే తొలగాక ఆ కోరికకు దారి దొరికింది.

ఫ్రాన్స్‌లో 1965లో చట్టం మారేదాకా భార్య ఉద్యోగానికి భర్త అడ్డుచెప్పే హక్కు ఉండేది. ఐర్లాండ్‌లో ప్రభుత్వోద్యోగం చేసే అమ్మాయి పెళ్లయితే రాజీనామా ఇవ్వాల్సిందే. ఆ నిబంధన 1973లో గానీ పోలేదు. ఇంటి బాధ్యతలకు ఇబ్బంది రాకపోతేనే భార్య ఉద్యోగానికి వెళ్లొచ్చని పశ్చిమ జర్మనీలో 1977 వరకు చట్టంలోనే రాసి ఉంది. ఆ నిబంధనల వల్ల ఉద్యోగం వదులుకున్నవాళ్లు ఇంకా మన కాలంలోనే ఉన్నారు.

రాతలో ఉన్న అడ్డంకులు చాలా దేశాల్లో పోయాయి. రాయనివి పోలేదు. నేను పనిచేసే చోట సెలవు దరఖాస్తులు నా టేబుల్ మీదికే వస్తాయి. ‘బాబుకి జ్వరం’, ‘పాపని స్కూల్ నుంచి తీసుకురావాలి’ అని రాసి ఒకపూట సెలవు అడిగేది దాదాపు ఎప్పుడూ తల్లులే. తండ్రి కూడా అదే ఆఫీసులో రెండు వరసల అవతల కూర్చున్నా, స్కూలు వాళ్లు ఫోన్ చేసేది తల్లికే. సాయంత్రం ఆరింటికి మీటింగ్ పెడతారు, ఆమె ఉండలేదు. ప్రమోషన్ల జాబితా వేసేటప్పుడు ‘కమిట్‌మెంట్ తక్కువ’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పొద్దున అందరికంటే ముందొచ్చి ఆ ఫైలు పూర్తిచేసిన సంగతి ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. ఇలా రెండు మూడేళ్లు టెన్షన్ పడి ఉద్యోగం మానేసినవాళ్లను చూశాను. పని చేతకాక మానేసినవాళ్లు వారిలో ఒక్కరూ లేరు.

ఇది ఒక్క ఆఫీసు సంగతి కాదు. 2023లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ అమెరికాలో రెండువందల ఏళ్ల లెక్కలు తిరగేసి ఇదే చూపించారు. ఒకే వృత్తిలో ఉన్న ఆడ, మగ జీతాల మధ్య ఈనాటి తేడాలో ఎక్కువ భాగం మొదటి బిడ్డ పుట్టాకే మొదలవుతోంది. పిల్లల్ని, పెద్దల్ని చూసుకోవాల్సి రావడం వల్ల ప్రపంచంలో 70 కోట్లకు పైగా మహిళలు ఉద్యోగాలకు దూరంగా ఉన్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023 అంచనా. అదే కారణం చెప్పే మగవాళ్లు సుమారు 4 కోట్లు.

ఐస్‌లాండ్‌లో 1975 అక్టోబర్ 24న దేశంలోని మహిళల్లో దాదాపు 90 శాతం మంది ఆఫీసు పని, ఇంటి పని రెండూ ఆపేశారు. ఆ రోజు తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆఫీసులకు వెళ్లాల్సి వచ్చింది. ఆ దేశమే 2000లో తల్లికి మూడు నెలలు, తండ్రికి మూడు నెలలు, ఇద్దరూ పంచుకోవడానికి మరో మూడు నెలల సెలవు ఇస్తూ చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం తండ్రి నెలలు తండ్రే వాడుకోవాల్సి ఉండేది, లేకపోతే పోయేవి. నా దృష్టిలో ఆ షరతే కీలకం. బిడ్డ కోసం సెలవు పెట్టడం మగవాడికీ మామూలైతే, ఆడవాళ్లను ఉద్యోగంలోకి తీసుకోవడానికి యజమాని వెనకాడే సాకు పలచబడుతుంది.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. మహిళా ఉద్యోగుల శాతం వేసే ప్రతిసారీ, ప్రసూతి సెలవు తర్వాత ఎంతమంది తిరిగొచ్చారు, ఐదేళ్లకు ఎంతమంది మిగిలారు అని కూడా సంస్థల్ని అడిగి వెయ్యండి. శిశు సంరక్షణ కేంద్రం ఉందని చెప్పే సంస్థల్ని అది ఎన్నింటికి మూసేస్తారో అడగండి. జవాబు ఇవ్వని సంస్థల పేర్లు కూడా అచ్చువెయ్యండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు