పేరు మార్చినంత మాత్రాన ఫైలు మారదు

సంపాదకులకు,

డాక్యుమెంట్ తెరుచుకోకపోతే పేరు చివరి ఎక్స్‌టెన్షన్‌ను, అంటే చుక్క తర్వాతి అక్షరాలను, మార్చి చూడమని చాలామంది సలహా ఇస్తుంటారు. లోపల ఏముందో చూడకుండా ఆ పని చేస్తే ఉన్న చిక్కు ఇంకాస్త బిగుసుకుంటుంది.

డబుల్ క్లిక్ చేయగానే ఏ ప్రోగ్రామ్ తెరవాలో విండోస్ పేరులోని ఆఖరి చుక్క తర్వాతి అక్షరాలను బట్టే తేల్చుకుంటుంది. లైనక్స్ ఫైల్ మేనేజర్లు మామూలుగా ముందు పేరు చూసి, తేలకపోతే ఫైలు మొదటి బైట్లు చదువుతాయి. తిరకాసు అక్కడే. వర్డ్ వాడే డాక్‌ఎక్స్, ఎక్సెల్ వాడే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్, లిబ్రేఆఫీస్ వాడే ఓడీటీ, ఈ-పుస్తకాల ఈపబ్, చివరికి ఆండ్రాయిడ్ యాప్‌ల ఏపీకే కూడా నిజానికి జిప్ మూటలే, అంటే చాలా ఫైళ్లను కుదించి ఒకటిగా కట్టినవే. అన్నిటికీ మొదట కనిపించేవి ‘పీకే’ అనే రెండు అక్షరాలు. ఎక్స్‌టెన్షన్ ఊడిన డాక్‌ఎక్స్‌ను జిప్ అనుకోవడంలో వింతేముంది? ఓడీటీ కాస్త నయం. తన రకం చెప్పే ‘మైమ్‌టైప్’ అనే చిన్న ఫైలును అన్నిటికన్నా ముందు, కుదించకుండా పెడుతుంది. ఆ ఓడీటీని విప్పి మామూలు జిప్‌లా మళ్లీ కడితే ఆ వరుస చెదిరి, ఆనవాలు పోతుంది.

ఎక్సెల్‌ది మరో విచిత్రం. సీఎస్‌వీ (గడులను కామాలతో విడదీసిన సాదా పట్టిక) ఫైలు మొట్టమొదట ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో ‘ఐడీ’ అని ఉంటే, దాన్ని సిల్క్ అనే పాత ఫార్మాట్ అనుకుని ఎర్రర్ చూపిస్తుంది. చిన్నక్షరాల్లో రాస్తే ఆ గొడవ ఉండదు. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీల ఫార్మాట్) పట్టికకే ఎక్సెల్ పాత ఎక్స్‌టెన్షన్ ఎక్స్‌ఎల్‌ఎస్ అని పేరు తగిలించి ‘ఎక్సెల్ డౌన్‌లోడ్’ అంటాయి. ఫార్మాట్, ఎక్స్‌టెన్షన్ సరిపోలడం లేదన్న హెచ్చరిక అందుకే వస్తుంది. ఆ తప్పు వాటిని తయారుచేసినవాళ్లదే, సరిదిద్దాల్సిందీ వాళ్లే.

ముందు ఫైలుకు కాపీ తీయండి. విండోస్ 11 ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ వరుసలో వెళ్లి టిక్ పెట్టండి. ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి అక్షరాలు చూడండి. శాతం గుర్తు, దాని వెంటే పీడీఎఫ్ అని ఉంటే అది పీడీఎఫ్. ‘పీకే’ ఉంటే జిప్ కుటుంబం. సేవ్ మాత్రం చేయొద్దు, చేస్తే ఆ కాపీ పాడవుతుంది. లైనక్స్, మ్యాక్‌లలో టెర్మినల్ తెరిచి ‘ఫైల్’ కమాండ్ పక్కన ఫైలు పేరిస్తే రకం చెబుతుంది. లోపలిదీ పేరూ సరిపోయినా వేరే ప్రోగ్రామే తెరుస్తుంటే, రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ విత్’లో సరైనదాన్ని ఎంచుకుని ‘ఆల్వేస్’ నొక్కాలి.

అసలు ఎక్స్‌టెన్షన్లను దాచిపెట్టే అలవాటును విండోస్ మానుకోవాలి. ‘బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ’ అనే ప్రోగ్రామ్ వట్టి ‘బిల్లు.పీడీఎఫ్’గా కనబడేది ఆ సెట్టింగ్ వల్లే.

— ఒక పాఠకుడు