లండన్‌లో కొట్టేసిన తీర్పు పారిస్‌లో చెల్లింది

సంపాదకులకు నమస్కారం.

కోర్టుకు వెళ్లకుండా ఇరుపక్షాలూ ఒప్పుకున్న మధ్యవర్తులతో తగవు తీర్చుకునే పద్ధతి, అదే మధ్యవర్తిత్వం గురించి ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. మధ్యవర్తులు కూర్చున్న దేశపు కోర్టు కొట్టేస్తే ఆ తీర్పు ఇక చిత్తుకాగితమేనని రాశారు. ఫ్రాన్స్ విషయంలో అది పొరపాటు. 30 ఏళ్లు గుంటూరులో మిర్చి ఎగుమతుల లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

ఇండోనేషియాకు చెందిన పుత్రబలి అనే సంస్థ ఒక ఫ్రెంచి కంపెనీకి తెల్ల మిరియాలు అమ్మింది. ఓడ మునిగి సరుకు పోయింది. కొన్నవారు డబ్బు కట్టేది లేదన్నారు. తగవు లండన్ మధ్యవర్తుల ముందుకు వెళ్తే 2001లో కొన్నవారే గెలిచారు. అక్కడి హైకోర్టు ఆ తీర్పును కొంతమేర కొట్టేసింది. 2003లో వచ్చిన రెండో తీర్పు అమ్మినవారి పక్షాన ఉంది. మన లెక్కన కథ అయిపోయినట్టే. కానీ కొన్నవారు ఆ పాత తీర్పునే పట్టుకుని పారిస్ కోర్టుకు వెళ్లారు. 2007 జూన్ 29న ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానమైన కసేషన్ కోర్టు వారినే సమర్థించింది. అంతర్జాతీయ మధ్యవర్తుల తీర్పు ఏ ఒక్క దేశపు న్యాయవ్యవస్థకూ చెందదంది. రెండో తీర్పు ఫ్రాన్స్‌లో చెల్లలేదు.

విచిత్రమేమిటంటే, తగవు రాకముందే రాసుకునే మధ్యవర్తిత్వ షరతు చెల్లదని 1843లో తేల్చిందీ ఈ కోర్టే. 1925లో చట్టం వచ్చాకే వర్తకులకు ఊపిరాడింది. 1980లో దేశీయ తగవులకు, 1981లో అంతర్జాతీయ తగవులకు వేర్వేరు డిక్రీలు (ప్రభుత్వ ఉత్తర్వులు) తెచ్చి, 2011లో అంతా తిరగరాశారు. దేశీయ, అంతర్జాతీయ తగవుల మధ్య గీత ఉత్తి కాగితం మీది గీత కాదు. ఫ్రెంచి వ్యాపారి బెర్నార్ తాపీకి 40 కోట్ల యూరోలకు పైగా దక్కించిన 2008 నాటి తీర్పును, అది దేశీయ తగవేనని ముందు తేల్చుకుని, మోసం జరిగిందన్న కారణంతో పారిస్ అప్పీలు కోర్టు 2015లో రద్దు చేసింది.

మేము ఒప్పందాల్లో తేమ శాతం, రంగు, బస్తా బరువు మూడేసి సార్లు సరిచూసేవాళ్లం. చివరి పేజీలో తగవు ఎక్కడ తీరాలో చెప్పే రెండు వాక్యాలు ఎవరూ చదివేవారు కాదు. నేనూ చదవలేదు. ఒకసారి తూకం దగ్గర పేచీ వచ్చి ఆ పేజీ తిప్పితే 'పారిస్' అని కనిపించింది. డబ్బు ఎక్కడ రాబట్టుకోవాలో తెలియక, కొన్నవారి ఆస్తులు ఏ దేశంలో ఉన్నాయో అప్పుడు వెతకడం మొదలుపెట్టాం.

మీ వ్యాసంలోని ఆ వాక్యాన్ని సవరించి ప్రచురించగలరు.

– ఒక విశ్రాంత గుమాస్తా, గుంటూరు