రాష్ట్రపతి భవన్‌లో గదులెన్నో పిల్లలకు తెలుసు, ఆ రాత్రి సంగతే తెలియదు

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆగస్టులో మా బడి పదో తరగతి పిల్లల్ని బొల్లారంలోని రాష్ట్రపతి నిలయానికి తీసుకెళ్లాను. ఒకప్పుడది బ్రిటిష్ రెసిడెంటు బంగ్లా. హైదరాబాద్ సంస్థానం దేశంలో కలిశాక రాష్ట్రపతి విడిది అయింది. 2023 ఉగాది నుంచి ఏడాది పొడవునా జనాన్ని రానిస్తున్నారు. మాలాంటి సర్కారు బడులకు అదెంతో మేలు.

వంటింటి నుంచి భోజనాల హాలుకు నేల కింద సొరంగం ఉంది, గోడల నిండా చేర్యాల బొమ్మలు. పిల్లలు అక్కడి నుంచి ఒక పట్టాన కదల్లేదు. ఒకమ్మాయి బొమ్మ మీద వేలు పెట్టబోయి, నేను చూస్తున్నానని చటుక్కున వెనక్కి తీసుకుంది.

మర్నాడు క్లాసులో ఏం చూశారర్రా అంటే సొరంగం, తోట, 120 అడుగుల జెండా కొయ్య అన్నారు. మరి ఢిల్లీ రాష్ట్రపతి భవన్ గురించి ఏం తెలుసంటే 340 గదులు అని అందరూ ఒక్కసారే అరిచారు. వాళ్లననేం లాభం, మేం నేర్పిందే అది.

ఆ రోజు పుస్తకం మూసేసి, 1975 జూన్ 25 నాటి ఎమర్జెన్సీ ప్రకటనను తెలుగు చేసి బోర్డు మీద రాశాను. మొత్తం కలిపి ఒక్కటే వాక్యం. అంతర్గత కల్లోలం వల్ల దేశ భద్రతకు ముప్పు ఏర్పడిందని దాని సారాంశం. కింద అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పేరు. బోర్డు సగం కూడా నిండలేదు.

"ఇంతేనా మేడమ్?" అన్నాడు వెనక బెంచీ పిల్లాడు.

మంత్రివర్గం ముందు పెట్టకుండానే, ప్రధాని మాట మీద రాష్ట్రపతి ఆ రాత్రే సంతకం చేశారనీ, మంత్రులకు తెల్లారి ఆరింటికి గానీ చెప్పలేదనీ అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ పిల్లాడే లేచి, "రాష్ట్రపతి గారు వద్దనకూడదా?" అని అడిగాడు.

ఇరవై రెండేళ్లుగా ఎమర్జెన్సీకి వీలిచ్చే రాజ్యాంగం 352వ అధికరణం చెబుతున్నాను. ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. దాన్ని పట్టుకునే, ఎమర్జెన్సీ తర్వాత వచ్చిన రాజ్యాంగ 44వ సవరణ చెప్పాను. మంత్రివర్గ నిర్ణయం రాతపూర్వకంగా అందితే తప్ప ప్రకటన చేయకూడదన్నది, 'అంతర్గత కల్లోలం' పోయి 'సాయుధ తిరుగుబాటు' వచ్చింది, మంత్రివర్గ సలహాను ఒకసారి వెనక్కి పంపే వీలు రాష్ట్రపతికి దక్కింది, అన్నీ ఆ సవరణతోనే. రాష్ట్రపతిగా దానికి ఆమోదముద్ర వేసింది అనంతపురం జిల్లా ఇల్లూరు బిడ్డ నీలం సంజీవరెడ్డి గారు అనేసరికి పిల్లల ముఖాలు వెలిగాయి.

ఢిల్లీ రాష్ట్రపతి భవన్‌లో చెప్పుకోవలసిన రోజులు ఇంకా ఉన్నాయి. 1931లో గాంధీజీ వైస్రాయ్ ఇర్విన్‌తో మాట్లాడటానికి ఆ మెట్లెక్కారు. వైస్రాయ్ పడకగది తనకెందుకని గవర్నర్ జనరల్ రాజాజీ అతిథుల వైపు చిన్న గదుల్లోకి మారారు. 1950 జనవరి 26న దర్బార్ హాల్లో రాజేంద్ర ప్రసాద్ ప్రమాణం చేశారు. పిల్లలకు ఇవి తేదీలుగా కాదు, ఎవరు ఏ గదిలో ఏం నిర్ణయించారో కథగా చెప్పాలి.

తోటి సోషల్ టీచర్లకు నా మనవి, బస్సెక్కే ముందు రెండు పీరియడ్లు దీనికి ఇవ్వండి. నిలయం నిర్వాహకులనూ ఒకటి కోరుతున్నాను. బడి పిల్లలు వచ్చినప్పుడు ఆ ఒక్క వాక్యాన్ని తెలుగులో పెద్ద అక్షరాలతో చేతికివ్వండి, నిలబడి చదువుకునే వ్యవధి ఇవ్వండి.

వచ్చే నెల తొమ్మిదో తరగతి వాళ్లను తీసుకెళుతున్నాను. నలభై కాపీలు జిరాక్స్ తీయించి పెట్టుకున్నాను.

— ఒక సోషల్ టీచర్, మేడ్చల్ జిల్లా