పుస్తకాలు కావాలా, సంతకం పెడతావా?

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. "నాకేం ఆస్తులున్నాయని వీలునామా రాయాలి?" అన్నావు చూడు, అక్కడ చిర్రెత్తుకొచ్చింది. కోపం నీ మీద కాదులే, మొన్నమొన్నటి దాకా నేనూ అదే పాట పాడేవాణ్ణి.

మా ఆఫీసులో ఇరవై ఆరేళ్ల కుర్రాడు ఒకడున్నాడు. పెళ్లి కాలేదు, ఇల్లూ వాకిలీ లేవు. బండి మీద నుంచి పడి తొమ్మిది రోజులు స్పృహలో లేడు. అన్నాళ్లూ వాడి ఫోన్ వాళ్లమ్మ ఒళ్లోనే ఉంది. అద్దె గడువు దాటిందని ఒక మెసేజ్, ఇన్సూరెన్స్ కట్టమని ఇంకోటి. వెలుగుతుంది, ఆరిపోతుంది. తెరవాలంటే ఆరంకెలు కావాలి. ఆవిడ వాడి పుట్టినరోజు కొట్టి చూసింది, తనది కొట్టి చూసింది, చివరికి ఫోన్ పూర్తిగా లాక్ అయిపోయింది. ఆపరేషన్ విషయంలో తల్లిది ఒక మాట, తండ్రిది ఒక మాట. వాళ్లు విడిపోయి చాలా ఏళ్లయింది. వాడు కోలుకున్నాడు, కుంటుతూ ఆఫీసుకొస్తున్నాడు. ఇంటికెళ్లిన వారంలోనే, తనకు మాట పడిపోతే డాక్టర్లతో ఎవరు మాట్లాడాలో కాగితం మీద పెట్టేశాడు. దానికీ ఆస్తికీ సంబంధం ఏముంది చెప్పు?

నీ సంగతి వేరు, నీకు ఇద్దరు పిల్లలు. మీరిద్దరూ ఒకేసారి లేకుండా పోతే వాళ్లు ఎవరి దగ్గర పెరగాలి? (తిట్టుకోకు, అడగక తప్పదు.) మీ అక్కయ్య తన దగ్గరే అనుకుంటోంది, మీ బావమరిదీ అలాగే అనుకుంటున్నాడు. నువ్వు రాయకపోతే కోర్టు తేలుస్తుంది.

ఇక నా ఘనకార్యం విను. పెళ్లికి ముందు తీసుకున్న పాలసీలో నామినీగా మా అన్నయ్య పేరు పదహారేళ్లుగా అలాగే ఉండిపోయింది. అది మా ఆవిడ కంట పడింది. ఆ పూట ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాటల్లేవు! కొన్ని దేశాల్లో నామినీ డబ్బు అందుకుని వారసులకు ఇవ్వాల్సిన మనిషి మాత్రమే. మరికొన్ని చోట్ల వీలునామాలో ఏమున్నా డబ్బు ఆ పేరుకే పోతుంది. మీ దగ్గర ఏదో కనుక్కో.

పెద్దపెద్దవాళ్లే వదిలేశారనుకో. స్వయానా లాయరైన లింకన్ 1865లో హత్యకు గురయ్యేనాటికి వీలునామా రాయలేదు. గాయని అరీథా ఫ్రాంక్లిన్ రాసింది పాపం, కానీ 2018లో ఆవిడ పోయాక ఆ నోటుబుక్కు సోఫా మెత్తల కింద దొరికింది. అది చెల్లుతుందని 2023లో జ్యూరీ చెప్పేదాకా కొడుకుల మధ్య కోర్టు తగవే. అందుకే రాస్తే సరిపోదు, ఎక్కడుందో ఒకరికి చెప్పి ఉంచు.

మీ నాన్నగారి విషయం మాత్రం వాయిదా వేయకు. పేర్లు మరిచిపోతున్నారన్నావు. మతి స్థిమితంగా ఉన్నప్పుడు పెట్టిన సంతకమే చెల్లుతుంది. పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున వ్యవహారాలు చూసే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం) ఇస్తే, ఆయన మతి తప్పాక కూడా పనికొచ్చేది ఏదో లాయర్‌ని అడుగు, మామూలుది చాలాచోట్ల అప్పటికి చెల్లదు. మనిషి పోయాక ఏ పవర్ ఆఫ్ అటార్నీ అయినా చెల్లదు, అక్కడ వీలునామాయే కావాలి.

నాది రాసేశాను. నా పుస్తకాలన్నీ నీకే అని కూడా రాశాను. తీరా సాక్షి సంతకం నీతో పెట్టిద్దామనుకుంటే, సాక్షిగా ఉన్నవాడికి రాసిచ్చింది చాలా దేశాల్లో చెల్లదట. ఆదివారం ఫోన్ చెయ్యి. పుస్తకాలు కావాలో, సంతకం పెడతావో తేల్చు.

నీ
పాత బెంచీవాడు