పబ్లిక్ లెక్చర్ అంటే పబ్లిక్‌కే కదా మంత్రిగారూ

ఒడిశా ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి,

బరంపురం నుంచి ఒక బైండింగ్ షాపు వాడు నమస్కారం చేసి, యూనివర్సిటీల్లో జరిగే పబ్లిక్ లెక్చర్లు మాలాంటి జనానికీ అందాలని రాసుకుంటున్నది. ఒడియా మాట్లాడతాను గానీ రాయడం అంత బాగా రాదు, అందుకే తెలుగులోనే రాసేస్తున్నా, మీ ఆఫీసులో తెలుగు తెలిసిన గంజాం జిల్లా వాళ్ళో గజపతి జిల్లా వాళ్ళో ఒకరైనా ఉండకపోరు, చదివి చెప్తారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు మా తాత ఇక్కడే ఉండిపోయాడు, మేమూ ఇక్కడే.

నేను థీసిస్‌లు బైండ్ చేస్తాను సార్. కుట్టడం, మైదా జిగురు రాయడం, రెగ్జిన్ వేయడం, పైన బంగారు అక్షరాలు కొట్టడం. సముద్రపు నాచు మీద ఒకటి వస్తుంది, పంచాయతీల్లో ఆడ సర్పంచుల మీద ఒకటి, సవర గిరిజనుల పాటల మీద ఇంకోటి. జిగురు ఆరేలోపు తిరగేస్తాను, గైడుగారికీ అమ్మానాన్నలకీ థాంక్స్ చెప్పిన పేజీ తప్ప ఏదీ బుర్రకెక్కదు. నాలుగు కాపీలు చేయించుకుంటారు, నాలుగూ నాలుగు బీరువాల్లోకి పోతాయి. ఆ పిల్లలు అంతంత కష్టపడి ఏం కనిపెట్టారో ఎవరైనా మనిషి భాషలో చెప్తే వినాలని ఎప్పట్నుంచో ఉంది.

మొన్నామధ్య మా వైపే ఒక పెద్ద విద్యాసంస్థలో పబ్లిక్ లెక్చర్, విషయం ఋషికుల్య నది మొగ దగ్గర గుడ్లు పెట్టే సముద్రపు తాబేళ్ళు, అందరూ ఆహ్వానితులే అని ఉంది, పోస్టర్ ప్రింటింగ్‌కి మా పక్క షాపుకి రాబట్టి తెలిసింది, లేకపోతే అదీ తెలీదు. బుధవారం పొద్దున్న పదకొండింటికి. షాపు మా అబ్బాయికి అప్పజెప్పి బండేసుకుని వెళ్తే గేటు దగ్గర సెక్యూరిటీ ఆపి ఐడీ కార్డేదీ, ఏ డిపార్ట్‌మెంట్ అన్నాడు. బైండింగ్ డిపార్ట్‌మెంట్ అన్నాను. లోపలికి వదిలేశాడు, పాపం నిజంగానే ఉందనుకున్నాడేమో.

లోపల బొకేలూ శాలువాలూ మెమెంటోలూ అయ్యేసరికి నలభై నిమిషాలు పోయింది. పిల్లల్ని అటెండెన్స్ కోసం తీసుకొచ్చి కూర్చోబెట్టారు, సంతకాల కాగితం తిరుగుతూనే ఉంది. ఉపన్యాసం అంతా ఇంగ్లీషే. అయినా సార్, బొమ్మలు చూపించి చెప్పారు కాబట్టి ఒక్క ముక్క అర్థమయ్యింది, ఇసక వేడిని బట్టి గుడ్డులో పిల్ల ఆడదా మగదా అనేది తేలుతుందట, వేడెక్కితే ఆడవి ఎక్కువట. అదొక్కటి చాలు, వారం రోజులు షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాను. ఇంతలో సమయాభావం వల్ల ప్రశ్నలు లేవన్నారు, టీ, సమోసా, అయిపోయింది.

నాకు బాధ అనిపించింది సమోసా దగ్గర కాదు. ఋషికుల్య మొగ దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా నవంబర్ 1 నుంచి మే 31 వరకూ మోటారు పడవలతో చేపల వేట బంద్, ఆ తాబేళ్ళ కోసమే. ఏడు నెలలు. ఆ తీరంలో వేటకెళ్ళే నోలియాలు ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఎవరి పొయ్యి మీద ఆ తాబేలు ప్రభావం ఉందో వాళ్ళలో ఒక్కడు కూడా ఆ హాల్లో లేడు, వాళ్ళకి కబురే లేదు, ఉన్నా బుధవారం పదకొండింటికి ఎవడొస్తాడు, వచ్చినా ఆ ఇంగ్లీషు ఎవడికి కావాలి.

లండన్‌లో గ్రెషమ్ కాలేజీ అని ఒకటుందట, 1597 నుంచీ ఊళ్ళోవాళ్ళకి ఊరికే ఉపన్యాసాలు చెప్పడమే దాని పని, ఖగోళం, జామెట్రీ, వైద్యం, లా, సంగీతం అన్నీను. మొదట్లో లాటిన్‌లో ఒకసారి చెప్పి మళ్ళీ జనం కోసం ఇంగ్లీషులో చెప్పేవాళ్ళట. వాళ్ళకి ఇంగ్లీషు ఎలాగో మనకి ఒడియా, తెలుగు అలాగ. ఇంకోటి కూడా చెప్పాలి, ఇది మా బైండర్లం గొప్పగా చెప్పుకునేది, ఫారడే అని పెద్ద సైంటిస్టు ఉన్నాడే, ఆయన మొదట బైండింగ్ షాపులో పనివాడే. 1812లో ఒక కస్టమర్ టికెట్లిస్తే డేవీ అనే సైంటిస్టుగారి ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సు తనే బైండ్ చేసి ఆయనకే పంపించాడు, మరుసటి ఏడాది ఆ డేవీగారి దగ్గరే పనికి కుదిరాడు. నేను ఫారడేని అవుతానని కాదు, వయసైపోయింది, ఏ షాపులో ఏ కుర్రాడున్నాడో ఎవరు చూడొచ్చారు.

దూరం ఎందుకు, మన పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తిగారు బడిపంతులుగా ఉంటూ సవరల భాష నేర్చుకున్నారు, తర్వాత మాట్లాడే తెలుగు కోసం పండితులతో గొడవపడ్డారు. ఆ ఊరికి దగ్గర్లో సవరల మధ్యలో కూర్చుని భాషాశాస్త్రం వాళ్ళొచ్చి ఒక ఉపన్యాసం చెప్తే ఎంత బావుంటుంది, మంగెయి గమాంగో 1936లో సవరకి లిపి కట్టారు, దాని గురించి కూడా.

తుఫాన్లయితే సరేసరి. 1999 తుఫానులో ఒడిశాలో దాదాపు 10,000 మంది పోయారు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను మా గోపాలపూర్ మీదకే వచ్చింది, మా షాపు రేకులెగిరిపోయి ఎవరివో ఏడు థీసిస్‌లు తడిసి ముద్దయ్యాయి, అయినా పోయినవాళ్ళు పదుల్లోనే. దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. వాతావరణం వాళ్ళూ ఇంజనీరింగ్ వాళ్ళూ సోషియాలజీ వాళ్ళూ తలో గంట చెప్పుకోవలసిన కథ కాదూ ఇది? మాకు ఒక్కరూ చెప్పలేదు, మేం బతికిపోయాం అంతే.

నేనడిగేది పెద్ద బడ్జెట్ కాదు సార్. సాయంత్రం ఏడింటికో ఆదివారమో, క్యాంపస్ బయట ఊళ్ళో ఏదైనా హాల్లోనో గోపాలపూర్ ఒడ్డునో పెట్టించండి. శాలువాలు ఆపేస్తే ఆ డబ్బుతోనే మైకు వస్తుంది. ఇంగ్లీషులో చెప్పే పెద్దాయన పక్కన ఒడియా, తెలుగు వచ్చిన పీహెచ్‌డీ కుర్రాడొకడు నిలబడి చెప్పొచ్చు, అలాంటివాళ్ళు నా షాపుకి రోజూ వస్తారు. ప్రశ్నలకి టైం ముందే పక్కనపెట్టండి. గేటు దగ్గర డిపార్ట్‌మెంట్ అడగొద్దని ఒక్క సర్క్యులర్. పోస్టర్లు నేను అంటిస్తాను, జిగురు నాదే.

గోపాలపూర్ నుంచి ఒక నోలియా కుర్రాడు పడవ కాగితాలు లామినేషన్‌కి తెచ్చాడు, తాబేళ్ళ సంగతి చెప్తే విని, సముద్రమంతా తిరిగొచ్చి మళ్ళీ మా ఒడ్డే దానికెలా గుర్తుంటుంది బాబాయ్ అన్నాడు. వచ్చే లెక్చర్‌లో అడుగుదాం, నువ్వూ రా అన్నాను. ఎప్పుడు అన్నాడు.

తారీఖు మీరే చెప్పాలి.

ఇట్లు,
బరంపురం నుంచి ఒక బైండర్