మీ నాన్నగారి సంతకం గురించి

హైదరాబాద్

ఒరేయ్ శీనూ,

మీ నాన్నగారి సంతకాన్ని చేతి మీద టాటూగా వేయించుకుంటానన్నావు చూడు, ఆ మాట నాకు ఎంత నచ్చిందో ఫోన్లో చెప్పలేకపోయాను. పక్కన ఆఫీసు వాళ్లున్నారు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. అమ్మ చేతిరాత నా చేతి మీద వేయించుకుని ఏడాది దాటింది కాబట్టి, దేనికి ఖర్చు పెట్టాలో, దేనికి ఓపిక పట్టాలో నాకు బాగానే తెలుసు.

ముందు ముహూర్తం సంగతి. దసరాకి వస్తానన్నావు, వద్దురా. కార్తీకంలో నువ్వు మాల వేసుకుంటావు. రెండు పూటలా తలస్నానాలు, అదీ కాలవలో. టాటూ అంటే మానేదాకా పచ్చి పుండే. పై చర్మం మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అంతవరకు కాలవ, చెరువు, స్విమ్మింగ్ పూల్ నీళ్లలో నానకూడదు. శబరిమల వెళ్లొచ్చాకే పెట్టుకో. చలికాలం కాబట్టి ఎండ, చెమట కూడా తక్కువ. ఇంకో విషయం, నువ్వు క్రమం తప్పకుండా రక్తం ఇస్తావు కదా. టాటూ వేయించుకున్నాక మన దేశంలో 12 నెలలు రక్తం తీసుకోరు. అందుకని మాల తీశాక ఒకసారి ఇచ్చేసి, ఒకటి రెండు వారాలు ఆగి రా.

ఇక అసలు విషయం, అక్షరాలు. మా నాయనమ్మ ముంజేతి మీద పచ్చబొట్టు నీకు గుర్తుందిగా. ఎరుకలావిడ ఊళ్లోకి వచ్చినప్పుడు దీపం మసి, ఆకు పసరు కలిపి పొడిచిందట. చిన్నప్పుడు విడివిడిగా ఉన్న చుక్కలు ముసలితనానికి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఇప్పటి ఇంకు మంచిదే కానీ, చర్మంలో గీత ఏళ్లు గడిచేకొద్దీ కాస్త లావవడం మాత్రం తప్పదు. మన అక్షరాలన్నీ గుండ్రాలూ సున్నాలే కదా. ‘సత్యనారాయణ’లో త కింద యవత్తు, చివర ణ లోపలి ఖాళీ, ఇవన్నీ మరీ చిన్నగా వేయిస్తే కొన్నేళ్లకు పూడుకుపోతాయి. ముద్దుగా చిన్నగా ఉండాలని పట్టుబట్టకు. ఆ సున్నాల్లో ఖాళీ బాగా కనపడేంత సైజు పెట్టించు.

ఇక్కడ స్టూడియోల్లో పనిచేసేవాళ్లలో చాలామందికి తెలుగు చదవడం రాదు. వాళ్లకి మన అక్షరం ఒక బొమ్మ. పైగా తెలుగు టైపు చేసి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే ఒక్కోసారి వత్తులు విడిపోతాయి. ‘అమ్మ’ కాస్తా ‘అమ్‌మ’ అయి కూర్చుంటుంది. నువ్వు వేయించేది సంతకం కాబట్టి టైపు జోలికే వెళ్లకు. ఎల్ఐసీ బాండు మీద ఉన్న సంతకం స్కాన్ చేయించి అదే ఇవ్వు. సూది పెట్టేముందు స్టెన్సిల్, అంటే ఆ సంతకం అచ్చు, చర్మం మీద అంటిస్తారు, ఊదా రంగులో పడుతుంది. చెయ్యి కిందకి వదిలేసి, మామూలుగా నిలబడి చూసుకో, ఎందుకంటే చెయ్యి తిప్పితే అక్షరం వంకర పోతుంది. నచ్చకపోతే తుడిపించి మళ్లీ వేయమను. అడగడానికి మొహమాటపడకురా, ఆ కాసేపటి మొహమాటం జన్మంతా చేతి మీద ఉంటుంది.

డబ్బు సంగతికొస్తే, చాలాచోట్ల చదరపు అంగుళం లెక్కన చెబుతారు, దానికి తోడు కనీస చార్జీ ఒకటి ఉంటుంది. నాకు మొత్తం 4,500 అయింది, అందులో 1,000 ముందే అడ్వాన్సు. బేరమాడే చోటు కాదిది. సూది పట్టే చెయ్యికే డబ్బు. అప్పుడే వేసిన టాటూల ఫొటోలు ఎవరివైనా మెరుస్తూ ఉంటాయి, నువ్వు ఏడాది కిందట వేసినవి ఇప్పుడెలా ఉన్నాయో చూపించమను. సీలు వేసిన కొత్త సూది నీ ముందే విప్పాలి, కొత్త గ్లౌజులు తొడుక్కోవాలి, ఇంకు చిన్న కప్పుల్లో విడిగా పోసుకోవాలి. మన జాతరలో ఒకే సూదితో అందరికీ వేసేవాళ్ల దగ్గరికి మాత్రం ఎవరినీ వెళ్లనివ్వకు. హెపటైటిస్ లాంటివి అంటుకునేది అలాగే.

నీకు షుగర్ బోర్డర్‌లో ఉందన్నావు. ముందు పరీక్ష చేయించి, డాక్టర్‌ని అడిగి రా. షుగర్ ఎక్కువైతే పుండు ఆలస్యంగా మానుతుంది. ముందు రోజు మద్యం ముట్టకు, కంటినిండా నిద్రపో, కడుపునిండా తినే బయలుదేరు. ఖాళీ కడుపుతో కూర్చుంటే కళ్లు తిరుగుతాయి. నొప్పా? ఎండకి కమిలిన చర్మం మీద గోటితో గీకినట్టుంటుంది, ఓర్చుకోవచ్చు.

తర్వాత సంరక్షణే సగం పని. మొదటి రోజు ఇంకు కలిసిన నీరు కారుతుంది, కంగారుపడకు. చేతులు కడుక్కుని, వాసన లేని సబ్బు నురగతో వేళ్లతోనే మెల్లగా కడిగి, శుభ్రమైన టిష్యూతో అద్దు, రుద్దకు. వాళ్లిచ్చిన ఆయింట్‌మెంట్ పలచగా రాయి. మందంగా పట్టిస్తే గాలాడక చెడుతుంది. అత్తయ్య పసుపు తీసుకొచ్చి అద్దుతుంది, కొబ్బరినూనె రాయమంటుంది, అవేవీ వద్దని ముందే చెప్పి ఉంచు. నాలుగైదు రోజులకు పొట్టు లేస్తుంది, రంగు పొట్టే ఊడుతుంది. చూస్తే టాటూ మొత్తం పోతోందనిపిస్తుంది. పోదు, ఇంకు ఉండేది కింది పొరలో. దురద మాత్రం చంపేస్తుంది. గోకకు, పొట్టు పీకకు, పీకిన చోట రంగు ఎగిరిపోయి మచ్చ పడుతుంది. ఎరుపు రోజురోజుకీ పాకుతూ, వేడిగా ఉండి, చీము పట్టినా జ్వరం వచ్చినా స్టూడియోకి కాదు, నేరుగా చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్లు. మానాక బండి మీద తిరిగేటప్పుడు సన్‌స్క్రీన్ అలవాటు చేసుకో, ఎండకే రంగు వెలిసేది.

చిన్నోడు కూడా వేయించుకుంటానంటున్నాడట. వాడు ఆర్మీకి ప్రిపేర్ అవుతున్నాడు కదా, భుజం మీదా ఛాతీ మీదా వద్దని గట్టిగా చెప్పు. సైన్యంలో ముంజేయి లోపలి వైపు, అరచేతి వెనక తప్ప ఇంకెక్కడా శాశ్వత టాటూ ఒప్పుకోరు. గిరిజనుల సంప్రదాయాలకు మాత్రం మినహాయింపు ఉంది. నోటిఫికేషన్ వచ్చాక నియమాలు పూర్తిగా చదివాకే ఆలోచించమను.

బాండు ఇంట్లోనే ఉంటే ఈ వారంలో స్కాన్ పంపు. నాకు వేసినతనికి చూపించి, ఎంత సైజు కావాలో, ఎంతవుతుందో కనుక్కుని చెబుతాను. ఆ రోజు నేను సెలవు పెడతా, పక్కనే కూర్చుంటా. అత్తయ్యని అడిగానని చెప్పు.

నీ,
రాజా