పిల్లర్‌లోని రింగును చూసేదెవరు?

సంపాదకులకు నమస్కారాలు.

2024 డిసెంబరు 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో వచ్చిన భూకంపం గురించి ఆ వారమంతా పత్రికల నిండా వార్తలే. తరువాత ఆ ఊసే లేదు. ఇళ్లకు పిల్లర్లు లేపేటప్పుడు ఆ మరుపు మనకు ఎంత ప్రమాదకరమో చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ పొద్దున కొత్తగూడెంలో మా వంటింట్లో గ్లాసుల స్టాండు గలగలలాడింది. ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల బ్లాస్టింగులకు అలవాటుపడిన ఊరు కాబట్టి, "ఇవాళ ఇంత పొద్దున్నే మొదలుపెట్టారేమిటి" అని మా ఆవిడ విసుక్కుంది. ఆపి ఉన్న ఫ్యాను ఊగడం చూశాక గానీ ఇద్దరం వీధిలోకి పరుగెత్తలేదు. తీవ్రత 5.3, లోతు 40 కిలోమీటర్లు అని తరువాత తెలిసింది. అంత లోతున పుట్టడం వల్లే చాలా ఇళ్లు గోడల పగుళ్లతో బయటపడ్డాయి. అదే తీవ్రత పది కిలోమీటర్ల లోతున వచ్చి ఉంటే, అదీ పిల్లలు తరగతి గదుల్లో ఉన్న వేళ వచ్చి ఉంటే, నేను రాసే ఉత్తరం వేరుగా ఉండేది.

ఇది ఊహించని చోట వచ్చినదీ కాదు. గోదావరి లోయ కోట్ల ఏళ్ల కిందట రెండు పగుళ్ల మధ్య నేల కుంగి ఏర్పడిన పల్లం. మనకు బొగ్గునిచ్చింది ఆ పల్లమే, అప్పుడప్పుడు కదిలేదీ ఆ పగుళ్లే. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూమి కంపించింది. అందుకే ఖమ్మం, భద్రాచలం, ములుగు ప్రాంతాలను 2002 నాటి భూకంప పటంలో మూడో జోన్‌లో చూపారు. విజయవాడ, నెల్లూరులూ అందులోనివే. జోన్ అంకె పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ. ఆ పటంలో హైదరాబాదు రెండో జోన్‌లో ఉంది. అయితే 1969కీ ఇప్పటికీ ఒక తేడా ఉంది. నాటి ఏజెన్సీ ఊళ్లలో పూరిళ్లు, తడికల ఇళ్లు ఎక్కువ. అవి కూలినా మనిషి లేచి దులుపుకొనేవాడు. ఇప్పుడు మండల కేంద్రంలో కూడా నాలుగు పిల్లర్ల మీద రెండు మూడు స్లాబులు లేస్తున్నాయి.

తక్కువ జోన్‌లో ఉన్నామన్న ధీమా ఎంత దూరం తీసుకెళ్తుందో మహారాష్ట్రలోని లాతూరు జిల్లాను చూస్తే తెలుస్తుంది. 1993 సెప్టెంబరు 30న, గణేశ్ నిమజ్జనాలు ముగించుకొని జనం ఆదమరచి నిద్రపోతున్న తెల్లవారుజామున, కిల్లారి పరిసరాల్లో 6.2 తీవ్రతతో వచ్చిన భూకంపం వేల మందిని పొట్టనబెట్టుకుంది. అప్పటి పటంలో ఆ ఊరు అన్నిటికన్నా సురక్షితమనుకున్న ఒకటో జోన్‌లో ఉంది. చంపింది కూడా భూమి కాదు. మట్టితో పేర్చిన బండరాళ్ల మందపాటి గోడలూ, పైకప్పు మీద ఏళ్ల తరబడి పోసిన మన్నూ. తరువాత 2002లో పటాన్నే మార్చి ఒకటో జోన్‌ను రద్దు చేశారు. ములుగులో వచ్చిన దానికన్నా కిల్లారి భూకంపంలో విడుదలైన శక్తి ఇరవై రెట్లకు పైమాటే.

ఇక మా వీధిలో చూసిన సంగతి. ములుగు భూకంపం వచ్చిన మూడు నెలలకు వీధి చివర ఒక ఇల్లు మొదలుపెట్టారు. కింద పార్కింగ్, పైన రెండంతస్తులు. నిలువు కడ్డీల చుట్టూ కట్టే రింగుల కొసలను మేస్త్రి లంబకోణంలో వంచి వదిలేస్తున్నాడు. అలా వంచిన రింగు భూకంపంలో పైపూత కాంక్రీటు రాలగానే విచ్చుకుంటుంది, కడ్డీలు బయటికి వంగిపోతాయి, పిల్లర్ కూలబడుతుంది. కొస 135 డిగ్రీలు తిరిగి పిల్లర్ గర్భంలోకి దిగితేనే రింగు పట్టు వదలదు. పైగా బీము, పిల్లరు కలిసే చోట రింగుకూ రింగుకూ మధ్య నాలుగు అంగుళాలు మించకూడదు. మూడో జోన్‌లో ఇవి సలహాలు కావు, భారతీయ ప్రమాణాల్లో ఉన్న తప్పనిసరి నిబంధనలు. మేస్త్రిని అడిగితే, "లోపలికి వంచితే ఎక్కించడం కష్టం సార్, కాంక్రీటు పోశాక ఎవరికి కనపడుద్ది" అన్నాడు. ఇంజినీరు గారు ఎప్పుడొచ్చారని అడిగితే, ముగ్గు పోసిన రోజు వచ్చారన్నాడు. అతనిని తప్పుపట్టలేను, ఇరవై ఏళ్లలో అతనికి ఆ మాట చెప్పినవారే లేరు.

కింద గోడలు లేకుండా కార్లకు వదిలేసే అంతస్తు ఈ లోపానికి తోడైతే ఏమవుతుందో 2001 జనవరి 26న అహ్మదాబాదు చూసింది. కచ్ భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ఆ నగరంలో కూలిన అపార్ట్‌మెంట్లలో ఎక్కువ పార్కింగ్ పిల్లర్ల మీద నిలిచినవే. మన పట్టణాల్లో ఇప్పుడు వాటికే గిరాకీ.

2020లో ఇళ్ల అనుమతులను ఆన్‌లైన్‌లో ఇవ్వడానికి రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన టీఎస్ బీపాస్ పద్ధతిలో 600 గజాల లోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వచ్చే ఏర్పాటు చేశారు. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పించినందుకు దాన్ని నేను మెచ్చుకుంటాను. కానీ ఆ పద్ధతిలో తనిఖీ అంటే సెట్‌బ్యాకులూ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఎత్తూ కొలవడమే. పిల్లర్‌కు కాంక్రీటు పోసే ముందురోజు రింగుల ఫొటోను, బాధ్యత తీసుకున్న ఇంజినీరు సంతకంతో, అనుమతి నంబరుకు జతచేయాలని ఒక నిబంధన పెడితే ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు. మూడో జోన్ జిల్లాల్లో మేస్త్రీలకు రెండు రోజుల శిక్షణ, అదీ వారి అడ్డాల దగ్గరే, పోగొట్టుకునే కూలి ఇచ్చి మరీ పెట్టాలి. పాత బడులనూ, గురుకులాల వసతి భవనాలనూ ముందుగా పరీక్షించి, బలహీనమైన పిల్లర్లకు చుట్టూ అదనపు కాంక్రీటు తొడుగు వేయించడం డబ్బుతో కూడిన పనే. అయినా వరుసలో మొదట నిలవాల్సినవి అవే.

భూకంపాన్ని ముందుగా చెప్పగల శాస్త్రం ఇంకా లేదు. ఫలానా తేదీన మళ్లీ వస్తుందని వాట్సాప్‌లో వచ్చే సందేశాలకు మాత్రం లోటు లేదు. మీ పత్రిక ఆ పుకార్లను ఖండించడంతో ఆగకుండా, సరైన రింగు బొమ్మను ఒక ఆదివారం జిల్లా పేజీలో వేస్తే ఇల్లు కట్టుకునేవాళ్లు కత్తిరించి దాచుకుంటారని నా ఆశ.

మా వీధి చివరి ఇంటికి గృహప్రవేశం అయిపోయింది. మొదటి అంతస్తులో చిన్నపిల్లల బడి పెట్టారు. కింద పిల్లర్ల మీద జిరాఫీ, సీతాకోకచిలుకల బొమ్మలు వేయించారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కొత్తగూడెం